‘లేదు’ అని లెక్క తేల్చిన సారు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన పిల్లల్ని ఎవల్నన్న అడుగుండ్రి, ‘ఐసింగ్ మోడల్’ అంటే టక్కున గుర్తుపడ్తరు. అయస్కాంతం ముచ్చటే కాదు, రెండు లోహాలు కలిసినప్పుడు పరమాణువులు సర్దుకునే తీరు, మెదడుల నరాల కణాలు ఒకదాన్ని చూసి ఒకటి రేగే తీరు, మంది ఒకలను చూసి ఒకలు మనసు మార్చుకునే తీరు, వీటన్నిటికీ ఈ మోడల్‌తోని లెక్కలు కట్టినోళ్లు ఉన్నరు. కని ఆ పేరు ఎవలిది, ఆ మనిషి ఎట్ల బతికిండు అంటే చానమందికి తెల్వదు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే సారును. అయస్కాంతం పాఠం వచ్చినప్పుడల్ల పుస్తకంల లేని ఈ ముచ్చట పిల్లలకు చెప్త. ఈయాల మీకు గూడ చెప్దామనిపించింది. ఇది ఒక్క ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు తెచ్చి, సప్పుడు చెయ్యకుంట పక్కకు జరిగిన ఒక మనిషి కథ. రిజల్ట్ వచ్చిన రోజు మొఖం చిన్నగ చేసుకోని అర్రల కూసునే మన తమ్ముండ్లు, చెల్లెండ్లు తెలుసుకోవాల్సిన కథ.

సారు ఇచ్చిన ప్రశ్న

ఎర్నెస్ట్ ఈజింగ్ 1900 మే 10న జర్మనీల కొలోన్ పట్నంల పుట్టిండు. జర్మన్లు ‘ఈజింగ్’ అంటరు, ఇంగ్లీషోళ్ల నోట్లె పడి అది ‘ఐసింగ్’ అయింది. యూదుల కుటుంబం. ఆయనకు రెండేండ్లున్నప్పుడు ఇంటోళ్లు బోఖుమ్ అనే ఊరికి మారిన్రు. 1918ల బడి చదువు ఒడిసింది, కొన్నొద్దులు మిలిటరీ ట్రైనింగ్ అయింది, 1919ల గటింగెన్ యూనివర్సిటీల లెక్కలు, ఫిజిక్స్ మొదలువెట్టిండు. ఆ తర్వాత బాన్, ఆఖరికి హాంబుర్గ్.

హాంబుర్గ్‌ల విల్‌హెల్మ్ లెంజ్ అనే ప్రొఫెసర్ ఉండె. మనం ఇంటర్‌ల చదివే లెంజ్ నియమం ఈయనది కాదు, అది ఎన్కటి ఇంకో లెంజ్‌ది. ఈ లెంజ్ సారు 1920ల ఒక ఆలోచన అచ్చేయించిండు. ఇనుపముక్కల ఉన్న ప్రతి పరమాణువు ఒక బుడ్డ అయస్కాంతం అనుకో. అది మీదికన్న చూడాలె, కిందికన్న చూడాలె, మూడో దారి లేదు. ప్రతిదీ తన పక్కదాన్ని మాత్రమే చూస్తది. పక్కది ఎటు చూస్తే తనూ అటే చూస్తే హాయి, ఎదురు తిరిగితే కొంచెం శక్తి ఖర్చు. ఇంతే నియమం. ఇగ ప్రశ్న ఏందంటే, ఇంత చిన్న ఇరుగుపొరుగు దోస్తానాతోని ముక్క మొత్తం తనంతట తనే ఒక్క దిక్కుకు తిరిగి అయస్కాంతం అయితదా?

ఇది అప్పటికి పెద్ద చిక్కుముడి. ఇనుమును 770 డిగ్రీలకు పైన ఉడుకు చేస్తే దాని అయస్కాంతం గుణం పోతది. ఆ డిగ్రీకి కిందికి సల్లారితే మళ్ల అయస్కాంతం కాగలుగుతది. అంటే ఒక గీత ఉన్నది, గీతకు ఇటుపక్క ఒక లోకం, అటుపక్క ఇంకో లోకం. ఆ గీత ఎక్కడికెళ్లి వచ్చిందో పరమాణువుల లెక్కతోని ఎవలూ చూపెట్టలేకపోయిన్రు. 1922 ఆఖర్ల లెంజ్ సారు ఈ పనిని శిష్యుని చేతుల వెట్టిండు.

ఒక్క వరుసల ఏమైతది?

ఈజింగ్ తెలివైన పని చేసిండు. మొత్తం ముక్కను ఒక్కసారే పట్టుకోలే. బుడ్డ అయస్కాంతాలను ఒక్క వరుసల పేర్చి, గొలుసు లెక్క ఊహించుకున్నడు. ప్రతిదానికి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, రెండే పొరుగులు. ఈ గొలుసుకు లెక్క మొదటికెళ్లి ఆఖరుదాంక పక్కాగ కట్టిండు.

జవాబు వచ్చింది: లేదు. ఎంత సల్లగ చేసినా సరే, కొంచెమన్న వేడి మిగిలి ఉన్నంతసేపు పొడుగు గొలుసు తనంతట తనే అయస్కాంతం కాదు.

ఎందుకో మన పొలం భాషల చెప్త. వంద మంది ఆడోళ్లు ఒక్క వరుసల నిలబడి నాట్లు వేస్తున్నరు అనుకోండ్రి. ప్రతి ఒక్కామె తన ఎడమపక్కామె ఎత్తుకున్న పాటనే అందుకుంటది. నడిమిట్ల ఒకామె రాగం మార్చింది. ఆమె తర్వాతోళ్లందరు ఆ కొత్త రాగమే అందుకుంటరు. ఇటు యాభై మందికి ఒక పాట, అటు యాభై మందికి ఇంకో పాట. ఎవల పక్కన చూసినా అంతా సక్కగనే ఉన్నట్టు ఉంటది. లొల్లి ఉన్నది ఒక్క జాగల, ఆ ఇద్దరి నడుమ మాత్రమే.

ఇప్పుడు లెక్క చూడుండ్రి. అందరు ఒక్క తీరుగ ఉండే దారులు రెండే: అందరు మీదికి, లేదంటే అందరు కిందికి. కని వంద మంది నడుమ సందులు 99 ఉన్నయి. ఒక్క జాగల తెగే దారులు 198. తెగుడుకు అయ్యే ఖర్చు ఎప్పటికీ ఒక్క లొల్లి ఖర్చే, తెగేటందుకు దొరికే జాగలు మాత్రం గొలుసు పొడుగు పెరిగిన కొద్ది పెరుగుతనే పోతయి. వేడి అంటే ఏంది? ఉన్న దారులన్నిట్ల తిరిగి చూసే గుణం. గొలుసు బాగ పొడుగైతే వేడి గెలుస్తది, వరుస తునకలు తునకలు అయితది.

అదే పొలం నిండ మంది నిలబడితే వేరే కథ. ముందట, ఎనక, ఎడమ, కుడి, నాలుగు దిక్కుల పొరుగులు ఉంటరు. నడిమిట్ల పది మంది పొడుగు, పది మంది ఎడల్పు ఉన్న గుంపు రాగం మార్చాలంటే సుట్టూ నలభై జాగలల్ల లొల్లి పెట్టుకోవాలె. గుంపు ఎంత పెద్దదైతే లొల్లి అంత పెద్దగైతది. వరుసల అయితే ఎంత పెద్ద తునక తిరిగినా రెండు కొసల కాడ రెండే లొల్లులు.

ఈ తేడా ఈజింగ్‌కు అప్పుడు దొరకలే. వరుసల లేదు గాబట్టి నిజమైన ఇనుపముక్కల గూడ ఈ నియమంతోని అయస్కాంతం రాదని అనుకున్నడు. గొలుసు లెక్క నూటికి నూరు పాళ్లు సరైంది, దాని మీదికెళ్లి తీసిన ఆ రెండో మాట తప్పయింది. 1924ల డాక్టరేట్ వచ్చింది. 1925ల ఒక జర్మన్ పత్రికల ఆరు పేజీల వ్యాసంగ అచ్చయింది.

ఎవలూ పెద్దగ పట్టించుకోలే. 1928ల హైసెన్‌బర్గ్ అయస్కాంతం మీద కొత్త సిద్ధాంతం తెచ్చుకుంట, ఈజింగ్ దారి సాగలేదు గాబట్టే తను వేరే దారి పట్టిన అన్నట్టు రాసిండు. పేరు వచ్చింది గూడ అట్లనే, ఒక పనికిరాని దారికి గుర్తు లెక్క.

బడిపంతులు

డాక్టరేట్ అయినంక ఈజింగ్ బెర్లిన్‌ల ఏఈజీ అనే కరెంటు సామాన్ల కంపెనీ పేటెంట్ ఆఫీసుల కొంతకాలం నౌకరి చేసిండు. మనసు వట్టలే. జేలమ్ అనే ఊర్లె హాస్టల్ బడిల ఒక ఏడు చదువు చెప్పిండు. అక్కడ ఆయనకు తన జాగ ఏందో దొరికింది. పిల్లలకు చెప్పుడు. దానికోసం మళ్ల బెర్లిన్ వోయి, డాక్టర్ అయినోడు విద్యార్థి లెక్క కూసోని, చదువు చెప్పే పద్ధతులు, తత్వశాస్త్రం చదివిండు. 1930ల టీచర్ పరీక్ష పాసయిండు. అదే ఏడాది పెండ్లి. భార్య గూడ డాక్టరేట్ చేసిన చదువుకున్న మనిషి, ఆమె యూదు కాదు. ఈ మాట గుర్తు వెట్టుకోండ్రి, ముందట పనికొస్తది.

సర్కారు బడుల పాఠాలు చెప్పుకుంట ఉంటే 1933 వచ్చింది. హిట్లర్ గద్దెనెక్కిండు. యూదులను సర్కారు కొలువులకెళ్లి తీసేసుడు మొదలైంది. ఈజింగ్ కొలువు పోయింది. పాఠం సరిగ్గ చెప్పలేదని కాదు, పిల్లలు ఫెయిలయిన్రని కాదు. ఏ ఇంట్ల పుట్టిండో చూసి తీసేసిన్రు. ఒక ఏడు పని లేకుంట తిరిగిండు.

1934ల పోట్స్‌డామ్ పక్కన కాపుట్ అనే ఊర్లె ఒక బడిల చేరిండు. గెర్ట్రూడ్ ఫైయర్‌టాగ్ అనే ఆమె నడిపిన హాస్టల్ బడి అది. సర్కారు బడులల్ల అవమానాలు పడి బయటికొచ్చిన యూదు పిల్లలకు అదే నీడ. పిల్లలు పెరిగిపోయి జాగ చాలకపోతే, జర్మనీ ఇడిచిపెట్టి వోయిన ఐన్‌స్టీన్ ఇల్లు అదే ఊర్లె ఖాళీగ ఉండె, అండ్ల గూడ క్లాసులు పెట్టిన్రు. ఐన్‌స్టీన్ ఇంట్ల ఈజింగ్ బడి. 1937ల ఈజింగ్ ఆ బడికి హెడ్‌మాస్టర్ అయిండు.

1938 నవంబర్ 10న నాజీల మూక వచ్చి బడిని ధ్వంసం చేసింది. పిల్లలు ఎల్లిపోవాల్సి వచ్చింది. బడి నడిపిన ఫైయర్‌టాగ్‌ను తర్వాత 1943ల ఆష్విట్జ్ క్యాంపుకు తోలిన్రు, ఆమె తిరిగి రాలే.

నలభయ్యో పుట్టినరోజు

1939 జనవరిల గెస్టాపో, అంటే నాజీల రహస్య పోలీసు, ఈజింగ్‌ను పట్టుకపోయింది. గంటల తరబడి ప్రశ్నలడిగిన్రు. దేశం ఇడిచి పోతనని ఒప్పుకుంటేనే ఇడిచిపెట్టిన్రు. ఆలుమగలు పక్కదేశం లక్సెంబర్గ్‌కు వోయిన్రు. అక్కడికెళ్లి అమెరికా పోవాలని ఆశ. వీసా కోసం లైన్ల ఎదురుచూసిన్రు.

1940 మే 10న జర్మన్ సైన్యం లక్సెంబర్గ్‌ల అడుగువెట్టింది. అది ఈజింగ్ నలభయ్యో పుట్టినరోజు. అమెరికా దారి మూసుకుంది.

యూదులను క్యాంపులకు తోలిన రోజులు అవి. ఈజింగ్ పాణం నిలిచింది భార్య యూదు కానందుకే. గట్ల పెండ్లయినోళ్లను కొన్నొద్దులు పక్కకు పెట్టిన్రు. అయినా వదల్లే. 1943ల, 1944ల జర్మన్ సైన్యం కోసం రైలు పట్టాలు పీకే పనిల పెట్టిన్రు. ఫ్రాన్స్ సరిహద్దుల మాజినో కోట లైన్ కాడి పట్టాలు. లెక్కలు కట్టిన చేతులు గడ్డపార పట్టినయి.

ఇగ ఇక్కడ ఒక్కసారి ఆగి అటు దిక్కు గూడ చూడాలె. 1936ల ఇంగ్లండ్‌ల రుడాల్ఫ్ పైయర్ల్స్ అనే శాస్త్రవేత్త ఈజింగ్ పేరే పెట్టి వ్యాసం రాసిండు. వరుసల లేకున్నా, పరుపు లెక్క పరిచిన గళ్లల్ల మాత్రం అయస్కాంతం వస్తదని చూపెట్టిండు. మనం పొలం నిండ మందితోని చెప్పుకున్న ముచ్చట అదే. 1941ల క్రామర్స్, వానియర్ అనే ఇద్దరు ఆ గీత ఏ వేడి కాడ వస్తదో పట్టుకున్నరు. 1944ల అమెరికాల లార్స్ ఒన్సాగర్ ఆ పరుపు లెక్కను పురాగ తీర్చిండు. శాస్త్ర ప్రపంచం అదిరిపడ్డది. అందరి నోట్లె ఈజింగ్ పేరే.

గా దినాలల్లనే ఆ పేరు గల మనిషి పట్టాలు పీకుతుండె. తన లెక్క మీద ప్రపంచం మేడ కడుతున్న సంగతి ఆయనకు తెల్వనే తెల్వదు. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ జాగల నా గొంతు ఎప్పుడూ ఆగుతది.

ఇరవై ఐదేండ్లకు తెలిసిన వార్త

యుద్ధం ఆగినంక 1947ల సరుకుల ఓడ ఎక్కి కుటుంబం అమెరికా చేరింది. నార్త్ డకోటాల మైనాట్ ఊర్లె టీచర్ ట్రైనింగ్ కాలేజీల ఒక ఏడు చెప్పిండు. 1948ల ఇలినాయ్ రాష్ట్రం పియోరియా పట్నంల బ్రాడ్లీ యూనివర్సిటీల ఫిజిక్స్ ప్రొఫెసర్‌గ చేరిండు. 1949ల పుస్తకాలు, పత్రికలు తిరగేస్తుంటే తన పేరు కనవడ్డది. ఎన్నడో చదువుకునే రోజులల్ల రాసిన ఆరు పేజీలు ప్రపంచమంత తిరుగుతున్నయని అప్పుడు ఎరుకైంది. డాక్టరేట్ వచ్చి 25 ఏండ్లు అయింది అప్పటికి.

ఇంకొకలైతే ఏం చేసేటోళ్లు? పెద్ద యూనివర్సిటీలకు ఉత్తరాలు రాసేటోళ్లు, ఇది నాది అని డప్పు కొట్టుకునేటోళ్లు. ఈజింగ్ మాత్రం మళ్ల ఆ పరిశోధన జోలికి పోలే. తెల్లారి క్లాసుకు పోయి పాఠం చెప్పిండు. 1953ల అమెరికా పౌరుడయిండు. 1971ల ఆ యూనివర్సిటీల ఆ ఏటి మేటి గురువుగ గుర్తించిన్రు. 1976ల రిటైరయిండు. 1998 మే 11న, 98 ఏండ్లు నిండిన తెల్లారి, పియోరియాలనే పాణం ఇడిచిండు.

ఆ గొలుసును ఇప్పుడు చేత్తో కడుతున్నరు

ఈజింగ్ గొలుసు కాయితం మీది బొమ్మ. ఇప్పుడు శాస్త్రవేత్తలు నిజంగనే అసొంటి గొలుసులు కడుతున్నరు. 2001ల కోబాల్ట్, సేంద్రియ అణువులు ఒకదాని ఎనక ఒకటి పేర్చిన గొలుసు బాగ సల్లగ చేస్తే అయస్కాంతం గుణాన్ని చానసేపు పట్టి ఉంచిందని తేలింది. 2002ల ప్లాటినం లోహాన్ని మెట్లు మెట్లుగ చేసి, మెట్టు అంచు పొంటి కోబాల్ట్ పరమాణువులను ఒక్క వరుసల నిలబెట్టిన్రు. మైనస్ 258 డిగ్రీల కంటే సల్లగ చేస్తే ఆ వరుస అయస్కాంతం లెక్క నిలబడ్డది. 2012ల 12 ఇనుము పరమాణువులతోని కంప్యూటర్ మెమరీ లెక్క ఒక్క బిట్టును దాచి చూపెట్టిన్రు.

మరి ఈజింగ్ లెక్క తప్పా? కానే కాదు. ఆయన చెప్పింది అంతులేని పొడుగున్న గొలుసుకు, ఎంతసేపైనా ఎదురుచూసే లెక్క. ఇయ్యి పొట్టి గొలుసులు. సలి ఎక్కువైతే తెగే మోక తక్కువ. ఇంకో సంగతి, పక్కనున్న లోహం ఆ పరమాణువులను ఒక దిక్కుకు గట్టిగ కట్టిపడేస్తది. అట్ల కట్టువడ్డది అటు నుంచి ఇటు తిరగాలంటే చానసేపు పడ్తది. తెగుడు ఆగలే, ఆలస్యమైంది. ఎక్కడ తెగుతదో, ఎందుకు తెగుతదో ఈజింగ్ ముందే చెప్పిపెట్టిండు గాబట్టే, దాన్ని ఎట్ల ఆలస్యం చెయ్యాల్నో ఈళ్లు ఎతుక్కోగలిగిన్రు.

అణువులను లోహం మీద పేర్చుడు గూడ అల్కటి పని కాదు. లోహం దోస్తు గావచ్చు, దొంగ గావచ్చు. ఒక్కోసారి అణువుకు దిక్కు కుదిరేటట్టు చేస్తది. ఒక్కోసారి దాని ఎలక్ట్రాన్లను గుంజుకోనో, తన ఎలక్ట్రాన్లతోని కమ్మేసో అణువు అయస్కాంతం గుణాన్ని కనవడకుంట చేస్తది. 2021ల బంగారం మీద మూడుమూలల బొగ్గు అణువులను గొలుసు కట్టిన్రు. అండ్ల ఇనుము లేదు, కోబాల్ట్ లేదు, ఉత్త కార్బన్, హైడ్రోజన్. అయినా అణువులు ఒకదానితోని ఒకటి అయస్కాంతాల లెక్క మాట్లాడుకున్నయి. అది ఈజింగ్ నియమం కంటే ఇంకొంచెం చిక్కటి నియమం మీద నడిచే గొలుసు. కని గొలుసును గొలుసుగ చూసి ప్రశ్న అడుగుడు నేర్పిందెవలు?

నా మాట

మన ఊర్లల్ల చదువంటే ర్యాంకు, ర్యాంకంటే కొలువు. ‘వచ్చిందా?’ అని అడిగితే ‘రాలే’ అన్నోనికి మొఖం చెల్లదు. నేను చెప్పేది ఏందంటే, సక్కగ తేల్చిన ‘లేదు’ గూడ ఒక జవాబే. ఈజింగ్ ఆ గొలుసుకు జవాబును సాగదీసి, అందంగ కనవడేటట్టు ‘ఉన్నది’ అని రాసి ఉంటే ఈయాల ఆయన పేరు ఎవలికీ యాదికుండకపోవు. లేనిది లేదని రాసిండు. దాని మీద నిలబడి పైయర్ల్స్ పొరపాటు దిద్దిండు, ఒన్సాగర్ మేడ కట్టిండు.

ఇంకో మాట. ఆయన యాభై ఏండ్ల కాడ దాంక పేరు సంగతి తెల్వకుంటనే బతికిండు, తెలిసినంక గూడ అదే బతుకు బతికిండు. ఊరి బడిల చాక్‌పీసు పట్టుకున్న సారును చూసి పెద్ద నౌకరి దొరకక ఇట్ల అయిండని జాలిపడేటోళ్లు ఉన్నరు. కొందరికి అదే కోరుకున్న బతుకు అని ఈజింగ్ కథ చూసినంకనన్న ఎరుక గావాలె.

ఆఖరికి ఒక పని చెప్త. పైసా ఖర్చు లేదు, ఒక కాయితం, ఒక పెన్ను చాలు. నాలుగు బాణాలు ఒక్క వరుసల గీయుండ్రి, ఒక్కోటి మీదికన్న, కిందికన్న. అన్ని తీర్లుగ గీస్తే 16 బొమ్మలు అయితయి. ఒక్కో బొమ్మల ఎన్ని జాగలల్ల ఎదురెదురు వడ్డయో లెక్కపెట్టుండ్రి. ఎక్కడా తెగని బొమ్మలు 2, ఒక్క జాగల తెగినయి 6, రెండు జాగలల్ల తెగినయి 6, మూడిట్ల తెగినయి 2 వస్తయి. తర్వాత ఐదు బాణాలతోని చూడుండ్రి. హాంబుర్గ్‌ల ఆ పిల్లగాడు పట్టుకున్న దారి మొదలు గిదే, మీరు గూడ దాని మీద రెండడుగులు ఏసినట్టే.